ఇంటిపన్ను రెట్టింపైందని ఇల్లు అమ్ముకోవాలా?

వచ్చిన ఉత్తరం ఇది, కొంచెం కుదించాను:

"అన్నా, నమస్తే. మాది కర్నూలు జిల్లాలోనే ఒక మునిసిపల్ పట్టణం, పేరు రాయొద్దు. సొంతిల్లు. కింద మేముంటాం, పైన బాడుగకిచ్చినాం. మా ఆయన ప్రైవేటు ఉద్యోగం పోయినేడాది మానుకున్నారు. బ్యాంకు వడ్డీ, పైనింటి బాడుగ, అంతే మా ఆదాయం. 2020లో ఏడాదికి 3 వేలున్న ఇంటిపన్ను ఇప్పుడు 6 వేలు దాటింది. కరెంటు బిల్లులో ఎప్పుడో మూడేళ్ళ కిందటి యూనిట్లకు ఇప్పుడు డబ్బులంట. పైనింటాయన 'అప్పుడు నేను ఆదోనిలో ఉంటి, నేనెందుకు కట్టాల' అని ప్రతి నెలా గొడవ. పెట్రోలు సంగతి సరేసరి. ఇన్ని కట్టినా కుళాయి రోజు మార్చి రోజే. హైదరాబాదులో ఉన్న మా పాప 'ఇల్లమ్మేసి ఇక్కడికొచ్చేయండి, కరెంటు ఫ్రీ, నీళ్ళు ఫ్రీ, పన్నులు తక్కువ' అంటోంది. మా ఆయన 'ఈసారి ప్రభుత్వం మారనీ, చూద్దాం' అని 2014 నుంచీ అంటానే ఉన్నాడు. మా అత్తమ్మ పల్లెలో ఉంటుంది, ఆమెకు పింఛను వస్తుంది. ఏం చేయమంటావు?"

చెల్లెమ్మా, మీ ఆయన మాటకి నాకు నవ్వొచ్చింది గానీ, మా ఇంట్లో నేనూ అదే మాట అన్నవాణ్ణే కాబట్టి ఎక్కువసేపు నవ్వలేకపోయాను. 2014 నుంచి ఇప్పటికి రెండుసార్లు ప్రభుత్వం మారింది, ఆయన ఇంకా చూస్తానే ఉన్నాడంటే ఓపిక మెచ్చుకోవాలి.

జవాబు ముందే చెప్పేస్తా. పాప కోసమో మనవళ్ళ కోసమో వెళ్తానంటే అది మీ ఇష్టం, నేను నోరెత్తను. పన్నుల కోసమని మాత్రం ఇల్లు అమ్మొద్దు. ఎందుకంటే మీరు ఇంటిపన్ను, కరెంటు, పెట్రోలు, నీళ్ళు నాలుగూ ఒకే మూటగట్టి "ప్రభుత్వం" అని ఒక పేరు పెట్టినారు. అవి నాలుగూ నలుగురి చేతుల్లో ఉన్నాయి. నేను ఇరవై ఏళ్ళు ఓ ఆడిటరు దగ్గర లెక్కలు రాసినవాణ్ణి, నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య ఏమంటే ఏ రూపాయి ఎవరి ఖాతాలో పడిందో చూడటం. అదే చేద్దాం.

ఇంటిపన్ను దగ్గర మొదలుపెడదాం, మీకు ఎక్కువ మంట దానిమీదే కదా. మీరు రాసిన అంకెలు చూడగానే నాకు అర్థమైపోయింది. 3,000కి 15 శాతం కలపండి, 3,450. దానికి మళ్ళీ 15 కలపండి, 3,967 చిల్లర. ఇంకో ఏడాది 4,562. ఇంకోటి 5,247. ఐదో ఏడాది, అంటే 2025-26కి, 6,034. మీ కాగితం మీద ఉన్నదీ దాదాపు అదే అయ్యుండాలి. ఎవరో కక్షగట్టి మీకొక్కరికే పెంచింది కాదు. 2020 నవంబరులో మన రాష్ట్రంలో మునిసిపల్ చట్టాలు సవరించి, అంతకుముందు ఇంటికి ఎంత బాడుగ వస్తుందనే అంచనా మీద వేసే పన్నును ఆస్తి విలువ మీదికి మార్చినారు. ఆస్తి విలువంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్కలో ఉన్న విలువ. ఆ లెక్కన వేస్తే చాలామందికి ఒక్కసారే మూడు రెట్లు, నాలుగు రెట్లు అయ్యేది. జనం తిరగబడతారని, పాత పన్ను మీద ఏడాదికి 15 శాతం మించకుండా పెంచుకుంటూ పోదామని కట్టడి పెట్టినారు. నోటీసులో ఆ 15 శాతం చూసి "పోనీలే, కొంచెమే కదా" అనుకున్నాం అందరం. కొంచెం మీద కొంచెం ఐదేళ్ళు పడితే రెట్టింపని మనకెవరూ చెప్పలేదు, వడ్డీవ్యాపారికి మాత్రం చెప్పక్కర్లేకుండానే తెలుసు.

అసలు ఆ ఏడాదే ఎందుకు మార్చినారు? కరోనా ఏడాది. రాష్ట్రాలకు ఆదాయం పడిపోయింది, అప్పులు ఎక్కువ తీసుకోనీండని అడిగితే కేంద్రం సరేనని, ఆ అదనపు అప్పులో కొంత భాగానికి షరతులు పెట్టింది. అందులో ఒకటి, పట్టణాల్లో ఇంటిపన్ను రిజిస్ట్రేషన్ విలువలకు తగ్గట్టు ఉండాలని. షరతులు ముందుగా పూర్తిచేసిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఢిల్లీలో షరతు, అమరావతిలో చట్టం, మీ వీధిలో నోటీసు. నోటీసు అంటించిన వార్డు సచివాలయం పిల్లాణ్ణి తిట్టి ఉంటారు మీరు, పాపం వానికేం తెలుసు.

ఇందులో ఇంకో మెలిక ఉంది, అది మన కర్నూలోళ్ళకు బాగా తెలియాల్సింది. పన్ను రిజిస్ట్రేషన్ విలువకు ముడిపడింది కాబట్టి స్థలాల రేట్లు పెరిగితే, ఆ రేట్లను చూసి ప్రభుత్వం విలువలు సవరిస్తే, రేపు మీ ఇంటిపన్నుకు ఆ దారి తెరుచుకున్నట్టే. స్థలాల రేట్లు ఎందుకు పెరుగుతాయి మన దగ్గర? 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నారు, కర్నూలుకు న్యాయ రాజధాని అన్నారు. కర్నూలు పక్క జగన్నాథగట్టు చుట్టుపక్కల సెంటు రేటు చెప్పేవాని గొంతే మారిపోయింది. 2021 నవంబరులో ఆ చట్టాలు వెనక్కి తీసుకున్నారు, ఆ తర్వాత ప్రభుత్వమే మారింది, ఇప్పుడు హైకోర్టు బెంచి అంటున్నారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కోర్టు రాకముందే కోర్టు పక్కన ప్లాట్లు అమ్ముడుపోయినాయి. రాజకీయం బతుకు మీద పడటమంటే ఇదీ. టీవీలో అరుచుకునేది పైకి కనబడేది, సెంటు రేటు లోపలి నుంచి తినేది.

సరే, మీరు చేయాల్సింది. ముందు ఆ నోటీసో, డిమాండు కాగితమో తీసి మీ ఇంటిని దానితో సరిపోల్చండి. ఎన్ని చదరపు అడుగులు వేసినారు, స్లాబా రేకులా, ఏ ఏడాది కట్టినట్టు రాసినారు, మీరున్న భాగమెంత, బాడుగదెంత, దేన్నైనా షాపు కింద రాసినారా. ఇది నేను ఊరికే చెప్పడం లేదు. మా బంధువులింట్లో ఒక ఆదివారం నేనూ వాళ్ళ పిల్లోడూ టేపు పట్టుకుని కొలిచినాం. కొలతలన్నీ సరిపోయినాయి గానీ, పైన పదకొండడుగులు, పద్నాలుగడుగుల రేకుల షెడ్డు, బర్రెగడ్డి వేసుకునేది, కాగితంలో స్లాబు గదిగా ఉంది. ఐదేళ్ళు అట్లే కట్టినారు వాళ్ళు. ఫొటో తీసి, అర్జీ రాసి, షెడ్డు ఇదీ అని చూపిస్తే వచ్చి చూసి సరిచేసినారు, పాత డబ్బులు మాత్రం వెనక్కి రాలేదు. మీకు తప్పు కనబడితే రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. కొత్తగా నోటీసు వచ్చినప్పుడైతే అభ్యంతరం చెప్పుకునే గడువు దాని మీదే ఉంటుంది, ఆ గడువు దాటనీయొద్దు. వార్డు సచివాలయంలో పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, అదివరకు స్పందన అనేవాళ్ళం, పేరు మారింది, క్యూ మారలేదు.

ఇంకోటి, ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారు. మీకు 300 మిగులుతుంది. ఆలస్యం చేస్తే మాత్రం నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది, బ్యాంకులో మీ డబ్బుకు ఏడాదికొచ్చేదాంతో పోల్చుకోండి. "మార్చిలో వడ్డీ మాఫీ చేస్తార్లే" అని కూర్చునేవాళ్ళు మీ వీధిలోనూ ఉంటారు. కొన్నేళ్ళు చేసినారు కూడా. సక్రమంగా కట్టినవాళ్ళను చూసి వాళ్ళు నవ్వుకుంటారు, ఆ మాట నిజమే, దానికి నా దగ్గర మందు లేదు.

చెత్తపన్ను మీరు రాయలేదు గానీ చెప్పాలి. 2021 అక్టోబరులో ఇంటికి నెలకు 120 దాకా వేసిన ఆ చార్జీని 2024లో తీసేసినారు. ఎందుకు పోయింది? నెలనెలా గడప ముందు నిలబడి చెయ్యి చాపి అడిగినారు కాబట్టి. కనబడిన పన్ను మీద జనానికి కోపం వస్తుంది. కనబడనిది ఎంతైనా చెల్లిపోతుంది.

కనబడనిదంటే పెట్రోలు. మన రాష్ట్రంలో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, దాని పైన లీటరుకు 4 రూపాయలు, ఇంకా పైన రోడ్ల సెస్సు ఒక రూపాయి. లీటరు 110 అనుకుని నేను కాగితం మీద విడదీస్తే, అందులో రాష్ట్రానికి పోయేది 30 రూపాయలకు పదిహేను పైసలు తక్కువ. కేంద్రం ఎక్సైజు వేరే. మీ ఇంట్లో బండికి నెలకు 20 లీటర్లు పోస్తారనుకుందాం, ఏడాదికి రాష్ట్రానికే 7 వేలు దాటింది. మీరు ఇల్లమ్ముకుందామన్నంత బాధపడ్డ ఇంటిపన్ను 6 వేలు! ఇంటిపన్నుకు నోటీసు ఉంది, రసీదు ఉంది, తిట్టడానికి మనిషి ఉన్నాడు. పెట్రోలు బంకులో సున్నా చూసుకోండి సార్ అంటాడు, సున్నా చూసుకుంటాం, అంతే. 2020 నుంచి ఆ రోడ్ల సెస్సు రూపాయి కూడా కడుతున్నాం, మన రోడ్ల మీద బండి నడిపినవాళ్ళకు ఆ సంగతి నేను వివరించక్కర్లేదు.

అనంతపురం వైపు లారీవాళ్ళు కర్ణాటకలోకి పోయి ట్యాంకు నింపుకుని వస్తారు, వాళ్ళకు గిట్టుబాటు అవుతుంది. మా కర్నూల్లో కొందరు తుంగభద్ర వంతెన దాటి తెలంగాణలో పోయించుకుంటారు, లీటరుకు రెండు రూపాయలు మిగిల్చడానికి. పోనురాను కాలిన పెట్రోలు లెక్కేస్తే... వద్దులే, స్నేహితులున్నారు అందులో.

కరెంటుకు వద్దాం. దీంట్లో మీ గొడవ నాకు బాగా నచ్చింది, అంటే గొడవ కాదు, ప్రశ్న. మూడేళ్ళ కిందటి యూనిట్లకు ఇప్పుడు డబ్బులేంది? ట్రూఅప్ అంటారు దాన్ని. కరెంటు పంపిణీ సంస్థలు ఏడాది మొదట్లో ఇంత ఖర్చవుతుందని అంచనా చూపిస్తాయి, దాన్నిబట్టి విద్యుత్ నియంత్రణ మండలి రేటు ఖాయం చేస్తుంది. తర్వాత బొగ్గు రేటు పెరిగో, ఎండల్లో బయట ఎక్కువ రేటుకు కొనో ఖర్చు దాటిపోతే, ఆ తేడా మళ్ళీ మండలి ముందు పెడతారు, మండలి ఒప్పుకున్నంత మన బిల్లులో వస్తుంది. 2022-23 సంవత్సరానికి మండలి ఒప్పుకున్నది 6,072 కోట్లు, దాన్ని 2024 డిసెంబరు నుంచి 15 నెలలు వసూలు చేయమన్నారు. 2023-24కి 9,412 కోట్లు, అది 24 నెలలు. ఖర్చయింది ఒక ప్రభుత్వంలో, ఉత్తర్వు వచ్చింది ఇంకో ప్రభుత్వంలో. ఒకరు "మీ పాపం" అంటారు, ఇంకొకరు "మీ బాదుడు" అంటారు. ఇద్దరి మాటలోనూ సగం నిజముంది, బిల్లు మాత్రం పూర్తిగా మీదే.

ఇక్కడ మీ ఆయనకు ఒక ముక్క చెప్పండి. ఆ నియంత్రణ మండలి ఆఫీసు 2023లో హైదరాబాదు నుంచి వచ్చింది ఎక్కడికో తెలుసా, కర్నూలుకే. దిన్నెదేవరపాడు దగ్గర. రాష్ట్రం మొత్తానికి కరెంటు రేటు తేల్చే మండలికి ఏటా చలికాలంలో పంపిణీ సంస్థలు తమ లెక్కలు ఇస్తాయి, పేపర్లో ప్రకటన వేస్తారు, ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు, బహిరంగ విచారణలో మాట్లాడొచ్చు కూడా. మాట్లాడేది మాత్రం ఎప్పుడూ ఆ పది పదిహేను మందే, కమ్యూనిస్టు పార్టీలవాళ్ళు, రైతు సంఘాలవాళ్ళు, పరిశ్రమలవాళ్ళు. "నా పైనింట్లో బాడుగకున్నాయన 2022లో ఎక్కడో ఉన్నాడు, ఆ యూనిట్లు ఈయన నెత్తిన వేస్తే ఎట్లా" అని ఒక ఇల్లాలు లేచి అడిగితే ఆ రోజు పేపర్లో వచ్చేది అదే. మీ ఊరి నుంచి రెండు మూడు గంటల బస్సు దూరం అనుకుంటా. ఆడవాళ్ళకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ కూడా లేదాయె.

నీళ్ళు. దీని మీద నేను కొంచెం కఠినంగా మాట్లాడతా, ఏమనుకోవద్దు. మీ పట్టణానికి నీళ్ళు ఏ కాలువ నుంచో మీరు రాయలేదు, కానీ మన జిల్లాలో ఎల్లెల్సీ, అంటే తుంగభద్ర దిగువ కాలువ, అయినా కేసీ కాలువ అయినా మొదలు తుంగభద్రే. తుంగభద్ర డ్యాము కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి చేరి ఇప్పుడు 105కి వచ్చింది. 2024 ఆగస్టు 10 రాత్రి పంతొమ్మిదో గేటు కొట్టుకుపోయింది గుర్తుందా, మూడు రాష్ట్రాల నీళ్ళు కళ్ళముందే కిందికి పోయినాయి. అదృష్టం బాగుండి తాత్కాలిక గేటు దించగలిగినారు. ఆ డ్యాము కర్ణాటకలో ఉంది, బోర్డులో మనమూ తెలంగాణా ఉన్నాం, గేట్లకు గ్రీజు పూయాలన్నా ముగ్గురూ ఒక మాట మీద ఉండాలి. మీ కుళాయి కథలో ఒక సగం అక్కడుంది, దాన్ని మీరూ నేనూ అర్జీలతో మార్చలేం.

రెండో సగం మీ వీధిలో ఉంది. సమ్మర్ స్టోరేజీ ట్యాంకులో నీళ్ళున్న రోజుల్లో కూడా మీ ఇంటికి ధార సన్నగా వస్తోందంటే, మీకంటే ముందున్న ఇళ్ళలో ఎంతమంది కుళాయికి మోటారు బిగించినారో ఓసారి చెవి పెట్టి వినండి. తెల్లవారి ఐదింటికి నీళ్ళు వదలగానే వీధంతా జుయ్‌మని ఒకటే శబ్దం. మాకు కాలనీ చివర ఇల్లు కాబట్టి మేమూ బిగించినాం, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, పక్కింటాయన బిగించినాడని బిగించినాం, ఆయన్నడిగితే ఎదురింటాయన పేరు చెప్తాడు. పోయినేడు సిబ్బంది వచ్చి పన్నెండు మోటార్లు పీక్కుపోయినారు, మాది కూడా. నెల రోజులు అందరికీ సమంగా వచ్చినాయి నీళ్ళు. తర్వాత ఎవరో పెద్దమనిషి ఫోన్ చేయించి మోటార్లు విడిపించినాడు, మళ్ళీ జుయ్. రాష్ట్ర రాజకీయాలంటే మీకు అమరావతి గుర్తొస్తుంది, నాకు ఆ ఫోన్ గుర్తొస్తుంది.

సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి, మా వార్డులో పోయిన రెండేళ్ళలో ఇంటిపన్ను ఎంత వసూలైంది, ఎంత బకాయి ఉంది, నీటి పైపుల మీద ఎంత ఖర్చు పెట్టినారు అని మూడే మూడు ప్రశ్నలు అడగండి. 30 రోజుల్లో చెప్పాలి. ఆ కాగితం చేతిలో పెట్టుకుని కౌన్సిలరు దగ్గరికో కమిషనరు దగ్గరికో పోవడానికీ, ఉత్త చేతులతో పోవడానికీ తేడా మీరే చూస్తారు. ఒక్కరే పోవద్దు, వీధిలో ఐదారుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని పోండి. మగవాళ్ళు పోతే ఏ పార్టీ అని అడుగుతారు.

మీ ఆయన విషయం. ప్రభుత్వం మారితే, మనోడొస్తే, అని కదా ఆశ. మన సీమ నుంచి ముఖ్యమంత్రులకేం కొదవ? సంజీవరెడ్డి మన అనంతపురం, సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి మన కర్నూలు, రాజశేఖరరెడ్డి, జగన్ కడప, చంద్రబాబు, కిరణ్‌కుమార్‌రెడ్డి చిత్తూరు. ఆర్థిక మంత్రులా? 2019 నుంచి ఐదేళ్ళు డోన్ ఎమ్మెల్యే, ఆ తర్వాత ఉరవకొండ ఎమ్మెల్యే. ఇంతకంటే మనోళ్ళు ఎక్కడ దొరుకుతారు? కర్నూలు 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్ళు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కూడా అయింది, డేరాల్లో ఆఫీసులు పెట్టి నడిపినారని మా నాయన చెప్పేవాడు, 1956లో మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు పోయినాయి. ఎవరొచ్చినా డబ్బు సంచీ ఒక్కటే. 2025-26 బడ్జెట్టు 3 లక్షల 22 వేల కోట్లు, అందులో కొత్తగా ఏదైనా కట్టడానికి, తవ్వడానికి పెట్టింది 40 వేల కోట్ల పైచిల్లర, అంటే వందలో పన్నెండు పదమూడు రూపాయలు. మిగతాదాంట్లో జీతాలు, పింఛన్లు, పథకాలు, పాత అప్పుల వడ్డీలే పెద్ద వాటా. ఎవరు కూర్చున్నా ఆ పన్నెండు పదమూడు రూపాయల కోసమే కొట్లాట. పథకం పేరు, పాసుపుస్తకం మీద బొమ్మ మార్చినంత తేలిగ్గా ఆ వాటా మారదు. కాబట్టి మీ ఆయన్ని చూడొద్దని అనను, చూస్తూ చూస్తూ పక్కన ఆ అర్జీ కూడా రాయమనండి, చేతిరాత బాగుంటే.

హైదరాబాదు. మీ పాప ప్రేమతోనే చెప్పింది, లెక్క మాత్రం సగమే చెప్పింది. అక్కడ 200 యూనిట్ల ఉచిత కరెంటు నిజమే, 2024 మార్చి నుంచి ఇస్తున్నారు, కానీ దానికి తెలంగాణ రేషన్ కార్డు ఉండాలి. 20 వేల లీటర్ల నీళ్ళు ఉచితం అన్నదీ నిజమే, కానీ అపార్టుమెంట్లలో ఎండాకాలం ట్యాంకరుకు ఎంతవుతోందో మెయింటెనెన్సు పుస్తకంలో చూసి చెప్పమనండి. వృత్తిపన్ను రెండు చోట్లా ఒకటే, ఒకప్పుడు ఒకే చట్టం కదా. రిజిస్ట్రేషన్ ఖర్చు ఇక్కడా 7.5 శాతమే, అక్కడా 7.5 శాతమే. ఇక్కడ ఇల్లమ్మి అక్కడ 60 లక్షల్లో ఫ్లాటు కొంటారనుకుందాం, పట్టించుకోకుండా సంతకం పెట్టే ఆ 7.5 శాతం నాలుగున్నర లక్షలు. కట్టుబడిలో ఉన్న ఫ్లాటైతే జీఎస్టీ 5 శాతం, ఇంకో మూడు లక్షలు. ఆ నాలుగున్నర లక్షలతోనే ఇప్పటి రేటున ఇక్కడ డెబ్బై ఐదేళ్ళ ఇంటిపన్ను కట్టొచ్చు! పాత ఇల్లు అమ్మిన లాభం మీద ఆదాయపు పన్ను, ఇల్లే కొంటే తప్పించుకునే వీలుంది, కానీ గడువులుంటాయి, ఆడిటరును అడక్కుండా బయానా తీసుకోవద్దు.

అత్తమ్మ సంగతి మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసినారు, నాకదే పెద్దదనిపించింది. ఆమెకిప్పుడు నెలకు 4 వేలు వస్తోంది, 2024 జులై నుంచి. ఒకటో తేదీ పొద్దున్నే ఇంటి దగ్గరే ఇస్తారు. మీరు హైదరాబాదు పోతే ఆమెను పల్లెలో ఒంటరిగా వదిలి పోతారా, తీసుకుపోతారా? తీసుకుపోతే ఈ పింఛను నిలబడదు, అక్కడ కొత్తగా కార్డు, కొత్తగా దరఖాస్తు, వచ్చినా 2019 నుంచి అక్కడ ఇస్తున్నది 2,016. ఏడాదికి దగ్గర దగ్గర 24 వేలు తేడా, మీ ఇంటిపన్నుకు నాలుగింతలు. డబ్బు ఒక్కటే కాదు. ఆమెకు జబ్బు చేస్తే ఇక్కడ కార్డు ఉంది, కర్నూలు పెద్దాసుపత్రి ఉంది, గద్వాల నుంచీ రాయచూరు నుంచీ కూడా జనం అక్కడికే వస్తారు. ఆమెను ఎవరైనా అడిగినారా అసలు?

ఇవన్నీ విన్నాక కూడా పాప దగ్గరుండాలని మనసు లాగితే, ఈ ఎండాకాలం మూడు నెలలు వెళ్ళి ఉండి రండి, అత్తమ్మను కూడా తీసుకుపోండి, నీళ్ళ బాధా తప్పుతుంది. ఇల్లు అట్లే ఉండనీండి. అమ్మేది ఎప్పుడైనా అమ్మొచ్చు.

ఇక పైనింటాయన. అందరికంటే ముందు తేల్చాల్సింది ఇదే, ఎందుకంటే ప్రతి నెలా ఇంట్లో టెన్షన్ పెడుతున్నది అదే. ఆయన ఈ ఇంట్లోకి ఏ నెలలో దిగినాడో ఆ నెలకు ముందు యూనిట్ల మీద వచ్చే సర్దుబాటు మీరే పెట్టుకోండి. న్యాయంగా అది ఆయనది కాదు. మీటరు మీ పేరున ఉంది, పాత బాడుగకున్నవాళ్ళను వెతికి పట్టుకుని వసూలు చేయలేరు. ఆయన దిగిన నెల నుంచి వాడిన యూనిట్లది ఎప్పుడొచ్చినా, ఖాళీ చేసి పోయినాక వచ్చినా, ఆయనే కట్టాలి. ఈ రెండు వాక్యాలూ ఈసారి అగ్రిమెంటు రాసుకునేటప్పుడు అందులో రాయించండి, అడ్వాన్సులో రెండు వేలు దానికోసమే పట్టి పెట్టుకోండి. ఆదివారం పొద్దున ఆయన్ని కిందికి పిలిచి, కాఫీ ఇచ్చి, పోయిన ఆరు నెలల బిల్లులు ముందరేసి ఈ లెక్క చూపించండి. మీ ఆయన్ని కూడా కూర్చోబెట్టండి, మాట్లాడేది మాత్రం మీరే.